అమ్మ కట్టిన జోలె

నా ట్రంకు పెట్టెలో ఒక పాత నేతచీర ముక్క ఉంది. సగం చీర, అంటే ఆరు మూరలు. ఎర్రంచు వెలిసిపోయింది. ఒక కొస దగ్గర ముడి పడీ పడీ గుడ్డ ముడతలు తిరిగిపోయింది. ఎన్నిసార్లు ఉతికినా ఆ ముడతలు పోలేదు. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే మా అమ్మాయి దాన్ని బయటికి తీసి, "ఇదేటమ్మా, పారేయకుండా దాచావు?" అంది. "నిన్ను మోసిన జోలె" అన్నాను. అయిదో తరగతి చదువుతున్న పిల్ల. నమ్మలేనట్టు చూసి, "అడుక్కునేవాళ్ళలాగా జోలె కట్టేవా?" అని నవ్వింది.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. ఒకప్పుడు నేనూ అలాగే నవ్వాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది పాడేరు కొండల్లో ఓ చిన్న గూడెం. మేము కొండదొరలం. మా ఇళ్ళలో ఆడవాళ్ళ చేతులు ఖాళీగా ఉండటం నేను చూడలేదు. తెల్లారితే ఊట నీళ్ళు, తరవాత పొయ్యి, ఆపైన పోడు. చోడి కలుపు తీయాలి, పసుపు తవ్వాలి, కాఫీ పండితే పళ్ళు కోయాలి, సంతకి మోపు మోయాలి. బిడ్డ పుట్టిన ఇంట్లో పని ఆగదు. బిడ్డని చూడటానికి ఇంకో మనిషి ఉండరు. అందుకే ఇంట్లో ఉన్నంతసేపు దూలానికి చీర ఉయ్యాల, గడప దాటితే తల్లి ఒంటికి చీర జోలె. ఒక గుడ్డే అక్కడా ఇక్కడా పనికొస్తుంది. ఉయ్యాల విప్పితే జోలె, జోలె విప్పితే దుప్పటి, వాన వస్తే గొడుగు.

నన్నూ అలాగే మోసింది మా అమ్మ. నాకు గుర్తుండే వయసు కాదు గానీ, నా తరవాత పుట్టిన తమ్ముణ్ణి మోయడం బాగా గుర్తుంది. వాడు అమ్మ రొమ్ముకి అతుక్కుని, చెంప ఆనించి నిద్రపోయేవాడు. అమ్మ వంగి కలుపు తీసేటప్పుడు నడుం దగ్గర కాదు, మోకాళ్ళ దగ్గర వంగేది. ఒక చెయ్యి బిడ్డ వీపు మీద, ఇంకో చెయ్యి కలుపు మీద. పని మధ్యలో ప్రతి కాసేపటికీ తల దించి వాడి ముఖం చూసేది. ఆ చూపు ఎంత అలవాటంటే, తమ్ముడు పెద్దయి జోలె దిగిపోయాక కూడా కొన్నాళ్ళు అమ్మ పని చేస్తూ చేస్తూ తల దించి ఖాళీ రొమ్ము వైపు చూసుకునేది.

జోలె గురించి అంతా తియ్యగా చెప్పను. అదే జోలె నా చదువుని కూడా కట్టేయబోయింది. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మకి జ్వరం తగిలి మంచం పట్టింది. నాన్న కూలికి వెళ్ళాలి. ఏడాది నిండని తమ్ముణ్ణి నా వీపుకి కట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనే వాడికి తల్లిని. బడి గంట వినపడగానే వాణ్ణి మోసుకునే బడికి వెళ్ళాను. అప్పటి మాస్టారు గుమ్మంలోనే ఆపేశారు. "ఇది బడా, బాలవాడా? వాణ్ణి దింపి రా, లేకపోతే నువ్వూ రాకు" అన్నారు. ఎక్కడ దింపను? వారం రోజులు కిటికీ అవతల నిలబడి ఎక్కాలు విన్నాను. తమ్ముడు ఏడిస్తే ఊపుకుంటూ చెట్టు దగ్గరికి వెళ్ళడం, నిద్రపోతే మళ్ళీ కిటికీ దగ్గరికి రావడం.

ఆయన బదిలీ మీద వెళ్ళిపోయాక ఇంకో మాస్టారు వచ్చారు. నా వీపు మీద పిల్లవాణ్ణి చూసి ఏమీ అనలేదు. వరండా దూలానికి ఆ గుడ్డతోనే ఉయ్యాల కట్టించి, "నువ్వు ఇక్కడ కూచో, కాలితో ఊపుతూ రాసుకో" అన్నారు. సాయంత్రం మా ఇంటికి వచ్చి, నాన్నతో మాట్లాడి, పక్కింటి ముసలమ్మ పగలు తమ్ముణ్ణి చూసేలా ఒప్పించారు. ఆయన రాకపోతే నేను ఈ రోజు ఇది రాసేదాన్ని కాదు. బడికి రాని ఆడపిల్ల ఎందుకు రావడం లేదో కనుక్కోవాలంటే ముందు ఆమె వీపు మీద ఎవరున్నారో చూడాలి. నాకు ఈ సంగతి చెప్పింది పుస్తకాలు కాదు, ఆ మాస్టారు.

తరవాత ఆశ్రమ పాఠశాల, ఆ తరవాత మైదానంలో ఇంటర్మీడియట్, ఉపాధ్యాయ శిక్షణ. పట్నం తెలుగులో 'జోలె పట్టడం' అంటే అడుక్కోవడం అని హాస్టల్లోనే తెలిసింది. సెలవులకి ఊరెళ్ళి వస్తుంటే బస్టాండులో మా వైపు ఆడమనిషి ఒకామె బిడ్డని జోలెలో కట్టుకుని కూచుంది. నా పక్కనున్న స్నేహితురాలు చిల్లర తీసి ఆమె ఒళ్ళో వేయబోయింది. ఆమె అడుక్కోవడం లేదు, బస్సు కోసం చూస్తోంది. ఆమె నాకు దూరపు చుట్టం కూడాను. స్నేహితురాలు తన పొరపాటు తెలుసుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నన్ను పోల్చి పలకరించబోతే ముఖం తిప్పుకున్నాను. దాని గురించి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. నాకు కానుపు జరిగింది కాఫీ పళ్ళు కోసే కాలంలో. నెలలు నిండలేదు, ఎనిమిదో నెల నడుస్తోంది. మా గూడెం నుంచి జీపు దారి దాకా నన్ను డోలీలో మోశారు. దుంగకి దుప్పటి కట్టి, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు మార్చుకుంటూ. దుప్పటిలో ముడుచుకుని పడుకున్నప్పుడు, అంత నొప్పిలోనూ నాకు ఒకటే తోచింది. మేము పుట్టగానే జోలెలో వేస్తారు, కాన్పుకి వెళ్ళాలంటే మళ్ళీ జోలెలోనే వేస్తారు. మొదటి జోలె తల్లి ప్రేమతో కట్టింది. రెండోది రోడ్డు లేక కట్టింది. రెండింటినీ ఒకటిగా చూసి, 'గిరిజనుల సంప్రదాయం' అని ఫొటోలు తీసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డోలీ సంప్రదాయం కాదు, అది మాకు జరిగిన అన్యాయం.

పాప పుట్టింది. 1,600 గ్రాములు. నాన్న అరచెయ్యంత ఉంది. అక్కణ్ణించి మైదానంలో పెద్దాసుపత్రికి పంపారు. మొదటి రోజుల్లో పాపని అద్దాల పెట్టెలో పెట్టారు. ఊపిరికీ, పాలకీ గొట్టాలు. ఆ రోజుల్లో ఆ పెట్టే, ఆ గొట్టాలే పాపని బతికించాయి, అది మరిచిపోకూడదు. అమ్మ మాత్రం వచ్చేటప్పుడే ఈ ఎర్రంచు చీర ముక్క తెచ్చుకుంది. వార్డు ఆయమ్మ దాన్ని చూసి, "ఈ కొండ మురికంతా ఇక్కడ పరవకండి" అని విసిరేసింది. అమ్మ మాటాడకుండా ఏరుకుని, కుళాయి దగ్గర ఉతికి, మెట్ల మీద ఆరేసి, మడత పెట్టి తలకింద పెట్టుకుంది.

వారం దాటాక ఒక డాక్టరమ్మ నన్ను పిలిచి, "రేపట్నించి పాపని నీ ఒంటికి ఆనించి కట్టాలి. రోజులో ఎంతసేపు వీలైతే అంతసేపు" అంది. దానికి కంగారూ పద్ధతి అని పేరు చెప్పింది. కంగారూ తన పిల్లని పొట్టసంచిలో మోస్తుంది కదా, అలాగ. సిస్టర్ వచ్చి పాపకి టోపీ, లంగోటీ మాత్రం ఉంచి, కప్పలా కాళ్ళు మడిచి నా రొమ్ముల మధ్య నిలువుగా పెట్టి, తల ఒక పక్కకి తిప్పి, ఉతికిన పొడవాటి గుడ్డతో చుట్టి కట్టింది. పాప చర్మం నా చర్మానికి తగిలింది. గుండె కొట్టుకోవడం ఎవరిదో తెలియలేదు. పక్కన నిలబడి చూస్తున్న అమ్మ నెమ్మదిగా అంది: "ఓలే, ఇది మన జోలే కదే. దీనికి వారం రోజులు ఎందుకు ఆగారే?"

డాక్టరమ్మ నవ్వింది. ఆమెది మంచి మనసు. అమ్మని కూచోబెట్టి చెప్పింది. 1978లో కొలంబియా దేశంలో బొగొటా అనే నగరంలో ఒక ఆసుపత్రిలో పెట్టెలు చాలక, ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఉంచి, జబ్బులు అంటి పిల్లలు పోతుంటే, ఎడ్గార్ రే అనే డాక్టరు బిడ్డల్ని తల్లుల రొమ్ములకే కట్టమన్నాడట. అక్కణ్ణించి ఈ పద్ధతి లోకమంతా పాకింది. చాలా ఏళ్ళ తరవాత నేను చదివాను: ఘనా, ఇండియా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల ఆసుపత్రుల్లో కిలో నుంచి 1,800 గ్రాముల లోపు పుట్టిన పిల్లల్ని, స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికి కట్టి చూశారు. ఆగి కట్టిన పిల్లలతో పోలిస్తే మొదటి నెలలో చావులు నాలుగో వంతు తగ్గాయని 2021లో ప్రకటించారు. చదువు రాని మా అమ్మ ఆ రోజు అడిగిన 'ఎందుకు ఆగారే' అన్న ప్రశ్ననే, పెద్ద పెద్ద డాక్టర్లు కూడా అడుగుతున్నారన్నమాట.

ఆసుపత్రిలో నాకు సిగ్గు వేయలేదు. వార్డులో తల్లులందరూ అలాగే కట్టుకున్నారు. సిగ్గు వేసింది బయటికొచ్చాక.

పాపకి నెలా పదిహేను రోజులప్పుడు బరువు, కళ్ళు చూపించడానికి మళ్ళీ మైదానానికి వెళ్ళాలి. పాడేరులో బస్సెక్కాం. అమ్మ ఇంట్లోనే జోలె కట్టి పంపించింది. నిలువుగా, ముఖం బయటికి కనిపించేలా. బస్సులో ఒక సీటు ముందు నా శిక్షణ కాలేజీ స్నేహితురాలు కూచుంది. ఆ చిల్లర వేయబోయినామే. తనూ టీచరే, ఎక్కడో పని మీద వచ్చి వెనక్కి వెళ్తోంది. నన్ను చూస్తే ఏమంటుందో అని నాలో ఏదో ముడుచుకుపోయింది. పాపని జోలెలోనే అడ్డంగా పడుకోబెట్టి, పైన శాలువా కప్పేశాను. చూసేవాళ్ళకి ఒళ్ళో సంచి పెట్టుకున్నట్టు ఉండాలని. స్నేహితురాలితో కబుర్లు మొదలుపెట్టాను. అమ్మ కిటికీ పక్కన కూచుని ఏమీ అనలేదు.

బస్సు ఘాట్ దిగుతోంది. ఒక్కో మలుపుకీ ఒళ్ళంతా ఒక పక్కకి ఒరుగుతోంది. మోదకొండమ్మ పాదాలు దాటామనుకుంటాను, అమ్మ నా మాటకి అడ్డం వచ్చింది.

"పిల్ల మొకమేదే?"

"పడుకుందమ్మా."

"మొకమేదని అడుగుతుంటే!"

అమ్మే శాలువా లాగేసింది. పాప జోలె అడుగుకి జారిపోయి, వీపు విల్లులా వంగి, గడ్డం రొమ్ముకి కరుచుకుపోయి ఉంది. ముక్కు గుడ్డకి ఒత్తుకుంది. పెదాలు నేరేడు పండు రంగు. ఏడుపు లేదు. అసలు చప్పుడే లేదు. అమ్మ పాపని పైకి లాగి, మెడ నిటారు చేసి, వీపు రుద్దుతూ గట్టిగా పిలిచింది. ఎంతసేపో నాకు తెలీదు. నాలుగు ఊపిరులంత సేపేనేమో. పాప ఒకసారి ఎగశ్వాస తీసి, కెవ్వున ఏడ్చింది. డ్రైవరు బండి పక్కకి ఆపాడు. స్నేహితురాలు తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి, నా వణుకు ఆగేదాకా భుజం పట్టుకుని కూచుంది. ఆమె నన్ను ఏమీ అనలేదు. అంటుందని నేను అనుకున్నదంతా నా మనసులోనే ఉంది.

ఆసుపత్రిలో పాపని అన్ని రకాలా చూశారు. ప్రమాదం లేదన్నారు. డాక్టరమ్మ నాకు బొమ్మ గీసి చూపించింది. పసిబిడ్డ తల బరువు, మెడ బలహీనం. నాలుగు నెలలు నిండేదాకా తలని తనంతట తాను గట్టిగా నిలుపుకోలేదు. ఊపిరి గొట్టం సన్నగా, మెత్తగా ఉంటుంది. గడ్డం రొమ్ముకి ఆనితే ఆ గొట్టం మడతపడుతుంది. బిడ్డ ఏడవలేదు, కాళ్ళు కొట్టుకోలేదు. ఎవరికీ తెలియకుండానే ఊపిరి తగ్గిపోతుంది. "జోలె తప్పు కాదమ్మా, కప్పడం తప్పు" అంది. 2010లో అమెరికాలో ప్రభుత్వ సంస్థ ఒకటి ఇలాంటి సంచీ జోలెల గురించి హెచ్చరిక చేసింది. అంతకు ముందు ఇరవై ఏళ్ళలో జోలెల్లో కనీసం 14 మంది పసిపిల్లలు చనిపోయారని, వాళ్ళలో ఎక్కువమంది నాలుగు నెలలలోపు వాళ్ళేనని చెప్పింది. అది తరవాత చదివినప్పుడు నా కళ్ళ ముందు ఆ నేరేడు రంగు పెదాలే మెదిలాయి.

తిరిగి వచ్చేటప్పుడు జోలె మళ్ళీ నిలువుగా కట్టుకున్నాను. పైన ఏమీ కప్పలేదు.

ఇంటికొచ్చాక అమ్మ దగ్గర కూచుని మొదటినుంచి నేర్చుకున్నాను. అంతవరకు ఆమె కడితే కట్టించుకోవడమే గాని, నా చేతులతో నేను కట్టింది లేదు. ఆమె చెప్పినవి, డాక్టరమ్మ చెప్పినవి కలిపి మీకు చెబుతాను. కొత్తగా తల్లులయ్యే చెల్లెళ్ళకి, వదినలకి మీరు చెప్పాలి.

గుడ్డ నూలుదై ఉండాలి. నైలాను, పాలిస్టరు చీరలు జారతాయి, ముడి వదులవుతుంది, చెమట పీల్చవు. ఉతికి మెత్తబడిన చీర మంచిది గాని, చిరుగు పట్టినది వద్దు. వెలుగుకి ఎత్తి చూసి, రెండు చేతులతో గట్టిగా గుంజి చూడాలి. దారాలు విడిపోతున్నట్టు కనిపిస్తే అది మసిగుడ్డకే పనికొస్తుంది. సగం చీర చాలు. ఒక కొస వీపు మీదుగా తెచ్చి భుజం ముందు వైపు ముడి వేయాలి. కుడి కొస ఎడమ మీద ఒకసారి, ఎడమ కొస కుడి మీద ఒకసారి. రెండుసార్లూ ఒకే వైపు తిప్పితే ఆ ముడి జారుతుంది. ముడి మెడ దగ్గర, భుజం ఎముక మీద ఉండకూడదు. భుజం మీద గుడ్డని తాడులా పోగు చేయకుండా విప్పి వెడల్పుగా పరిస్తే బరువు పంచుకుంటుంది, నొప్పి ఉండదు. రోజుకో భుజం మార్చుకోవాలి.

బిడ్డని ముందు భుజానికి ఎత్తుకుని, తరవాత నెమ్మదిగా గుడ్డలోకి దించాలి. పొట్ట పొట్టకి ఆనాలి. కాళ్ళు చాచి కట్టెపుల్లల్లా కట్టకూడదు. కప్ప కూచున్నట్టు తొడలు విచ్చుకుని, మోకాళ్ళు పిర్రల కంటే కొంచెం పైకి ఉండాలి. గుడ్డ ఒక మోకాలి వెనకనుంచి రెండో మోకాలి వెనక దాకా పరుచుకోవాలి. పైన మెడ వెనక దాకా రావాలి, తల మీదికి కాదు. కట్టాక వీపు మీద చెయ్యి పెట్టి నొక్కి చూస్తే బిడ్డ ముడుచుకుపోకూడదు. ముడుచుకుంటే వదులుగా ఉందన్నమాట. బిడ్డ గడ్డానికీ రొమ్ముకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. పాలు జోలెలోనే ఇవ్వచ్చు, కానీ తాగడం అవగానే మళ్ళీ పైకి నిలువుగా తేవాలి. మెడ నిలిచాక చంకన, కాళ్ళు చెరో పక్కకి వేసి కట్టచ్చు. బాగా కూచోవడం వచ్చాక వీపున. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి, జబ్బు చేసిన బిడ్డకి సిస్టరునో డాక్టరునో అడిగాకే కట్టాలి. బిడ్డ పాలు తాగకపోయినా, ఊపిరికి చప్పుడొస్తున్నా జోలె కట్టుకుని పనికి వెళ్ళడం కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి.

పొయ్యి దగ్గర, గొడ్డలి పని దగ్గర, మోటారు సైకిలు మీద జోలె వద్దు. తల్లి పడుకునేటప్పుడు విప్పేయాలి. మంచు కురిసే రోజుల్లో మన వాళ్ళు చలికి ముఖం కప్పేస్తారు. మా అమ్మ కూడా తన పెద్ద కొడుకుని అలాగే కప్పేదట. మా అన్న మూడో నెలలో పోయాడు. ఎందుకు పోయాడో ఎవరికీ తెలీదు. గాలి సోకిందన్నారు. జోలె వల్లేనని నేనూ చెప్పలేను. కానీ ఆ తరవాత అమ్మ ఏ బిడ్డకీ ముఖం కప్పలేదు. పని మధ్యలో తల దించి చూడటం అప్పుడే అలవాటైందట. ఈ మాట బస్సు సంగతి జరిగాక, ఒక రాత్రి, పొయ్యి దగ్గర చెప్పింది. అంతకు ముందు మాకు అన్న ఉండేవాడని మాత్రమే తెలుసు. చలికి టోపీ పెట్టచ్చు, దుప్పటి జోలె మీద నుంచి భుజం దాకా కప్పచ్చు. ముఖం మీదికి మాత్రం గుడ్డ రాకూడదు.

ఇవన్నీ నేను బడిలో పెద్ద పిల్లలకి చెప్పడానికి నాలుగు 'మ'లుగా కుదించుకున్నాను. మొకం, ముద్దు, మోకాలు, ముడి. మొకం ఎప్పుడూ కనిపించాలి. తల దించితే నుదుటి మీద ముద్దు అందేంత పైన ఉండాలి. మోకాలు పిర్రల కంటే పైన ఉండాలి. ముడి గట్టిగా ఉండాలి. మగపిల్లలు మొదట నవ్వుతారు. బొమ్మకి బదులు చోడి మూట కట్టించి గట్టు మీద నడిపిస్తాను. అయిదు నిమిషాలకి నవ్వు ఆగి, "టీచరమ్మా, భుజం నొప్పెడతాంది" అంటారు. అప్పుడు గుడ్డ విప్పి పరచడం నేర్పిస్తాను.

పిల్లలకి ఇంకొకటి కూడా చెబుతాను. 1960లలో ఆన్ మూర్ అనే అమెరికా నర్సు ఆఫ్రికాలోని టోగోకి పనికి వెళ్ళింది. అక్కడి తల్లులు బిడ్డల్ని గుడ్డతో వీపున కట్టుకోవడం, ఆ పిల్లలు స్థిమితంగా ఉండటం చూసింది. తన దేశం వెళ్ళాక తన బిడ్డ కోసం అలాంటిదే ఒక సంచి కుట్టించుకుంది. 1969లో దాని మీద పేటెంటు వచ్చింది. అది లక్షల్లో అమ్ముడుపోయింది. ఇప్పుడు అలాంటి సంచులు పట్నం దుకాణాల్లో వేల రూపాయలకి దొరుకుతాయి. పట్నంలో ఒక తండ్రి దాన్ని తగిలించుకుని నడిస్తే ఎంత మంచి తండ్రో అంటారు. మా వదిన ఎర్రంచు చీర కట్టుకుని నడిస్తే చిల్లర వేస్తారు. బిడ్డకి మాత్రం ఆ రెండింటికీ తేడా తెలీదు.

మన పద్ధతిలో ఉన్న మంచిని చదువుకున్నవాళ్ళు కొలిచి చూశారు కూడా. 1986లో కెనడాలో మాంట్రియల్ డాక్టర్లు కొంతమంది తల్లుల్ని రోజూ మామూలు కంటే ఎక్కువసేపు బిడ్డని ఎత్తుకోమన్నారు. ఆరు వారాల వయసులో ఆ పిల్లల ఏడుపు మిగతావాళ్ళకంటే 43 శాతం తక్కువగా ఉంది. కాళ్ళు చాచి బిగించి కట్టే అలవాటున్న చోట్ల పిల్లలకి తుంటి కీలు జారడం ఎక్కువ. జపానులో 1970ల నుంచి అలా బిగించవద్దని తల్లులకి చెబుతూ వచ్చాక ఆ జబ్బు బాగా తగ్గింది. తొడలు విచ్చుకునేలా వీపున మోసే మలావీ లాంటి చోట్ల అది చాలా అరుదు. మన అమ్మలకి తుంటి కీలు సంగతి తెలీదు. ఎలా కడితే బిడ్డ ఏడవకుండా ఉంటుందో తెలుసు.

టీచర్లుగా పనిచేస్తున్న అన్నలకి, అక్కలకి ఒక మాట. మన బడికి వచ్చే ఆడపిల్ల వీపు మీద ఇంకా తమ్ముడో చెల్లో ఉంటే, దాన్ని సంస్కృతి అని మెచ్చుకుని వదిలేయవద్దు. జోలె తల్లికి, తండ్రికి. ఏడేళ్ళ పిల్లకి కాదు. ఆ ఇంటికి వెళ్ళండి. అంగన్‌వాడీ తెరుస్తున్నారో లేదో చూడండి. పగలు బిడ్డని చూసే మనిషిని వెతకండి. అంతవరకు గుమ్మంలో ఆపకండి. వరండా దూలం ఉంది కదా.

చదువుకుంటున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఇంకో మాట. మన ఇంటి అలవాట్లన్నీ గొప్పవని నేను అనను. ముఖం కప్పడం మనదే, అది పోవాలి. ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో మనమే చూసుకుని తేల్చుకోవాలి. పక్కవాళ్ళ నవ్వు చూసి తేల్చుకుంటే ఏమవుతుందో ఆ ఘాట్ రోడ్డు మీద నేను చూశాను. నా బిడ్డ ఊపిరి ఆగబోయింది జోలె వల్ల కాదు, నా సిగ్గు వల్ల.

కిందటేడు మా తమ్ముడికి కొడుకు పుట్టాడు. నా వీపు మీద పెరిగిన ఆ తమ్ముడే. మరదలు పసుపు తవ్వకానికి వెళ్ళిన రోజున వాడు బిడ్డని రొమ్ముకి కట్టుకుని సంతకి వచ్చాడు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. వాడు పట్టించుకోలేదు. ఉల్లిపాయలు బేరం చేస్తూ, రెండు మాటలకోసారి తల దించి బిడ్డ ముఖం చూసుకుంటున్నాడు. అచ్చం అమ్మలాగే. నా పక్కన నిలబడ్డ మా అమ్మాయి అది చూసి, "అమ్మా, మామయ్య ముడి ఎలా వేశాడో నాకూ నేర్పుతావా?" అంది.

ఇంటికొచ్చి పెట్టె తెరిచి, ఆ ఎర్రంచు గుడ్డ తీశాను. వెలుగుకి ఎత్తి చూశాం. రెండు చోట్ల దారం పలచబడింది, ఇక బిడ్డని మోయదు. ముడి నేర్చుకోవడానికి మాత్రం ఇంకా బాగానే ఉంది.